నా వెనక్కి చూసిన కుక్క

నేను కుక్కల ఉద్యోగం చేసి రిటైరయ్యానంటే చాలామంది మున్సిపాలిటీ బండి వెంట తిరిగి వీధికుక్కలను పట్టేవాణ్ణి అనుకుంటారు. కాదు. నేను హ్యాండ్లర్‌ను. కాపలా కుక్క మెడకు లీష్ తగిలించి, దాన్ని ఎడమ పక్కన నడిపించుకుంటూ గోదాములూ షాపింగ్ మాళ్లూ మూతపడిన భవనాలూ తిరిగి చూడటం నా పని. ఎల్బీనగర్‌లో ఒక చిన్న సెక్యూరిటీ ఏజెన్సీ, మీర్‌పేట్ దాటాక దాని కెన్నెల్, అందులో తొమ్మిది కుక్కలు, ఆరుగురు మనుషులం. ఆ ఏజెన్సీ ఇప్పుడు లేదు.

ఈ మధ్య మా కాలనీలో కుక్కలను పెంచే కుర్రాళ్లు పెరిగారు. పొద్దున పార్కు దగ్గర నన్నాపి ఏవేవో అడుగుతారు. ఏం పెట్టాలి, ఎంతసేపు తిప్పాలి, గుర్రుమంటే ఏం చేయాలి. అన్నీ కుక్క గురించే. లీష్‌కు రెండో కొసన ఉన్నవాడి గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను కూడా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం అడగలేదు. అడగనందుకు ఒక కుక్క ప్రాణం తీయబోయాను. ఆ సంగతి మీ కోసం రాస్తున్నాను.

మా సూపర్‌వైజర్ గుంటూరు వైపు మనిషి. సైన్యంలో కుక్కల దళంలో పనిచేసి వచ్చాడు. ఆయనది ఒకే ఒక్క నియమం. పొద్దున ఆరింటికి కెన్నెల్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి హ్యాండ్లర్‌నూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఇంట్లో ఎలా ఉందయ్యా?"

"బాగుంది సార్" అంటే లీష్ చేతికి వచ్చేది. "కొంచెం గొడవ సార్" అంటే చీపురు వచ్చేది. ఆ రోజంతా కెన్నెల్ ఊడ్చి, గిన్నెలు కడిగి ఇంటికి పోవడమే. కుక్కను ముట్టనిచ్చేవాడు కాదు. గొడవేమిటని మాత్రం ఎన్నడూ అడగలేదు. చీపురు పట్టినవాణ్ణి మేమూ ఎగతాళి చేసేవాళ్లం కాదు, ఎందుకంటే రేపు ఎవరి వంతో తెలియదు. అబద్ధం చెప్పి లీష్ పట్టినట్లు తేలితే మాత్రం ఉద్యోగం పోయినట్లే. కారణం అడిగితే ఒక్కసారే చెప్పాడు: "నీ చేతిలో ఏముందో అదే దాని మెడలోకి పోద్దయ్యా. లీష్ తాడు కాదు, కరెంటు తీగ."

నాకది మూఢనమ్మకంలా తోచేది. ఎందుకంటే నేను చదువుకున్నవాణ్ణి. బడిలో కాదు, పదో తరగతి తప్పాను. దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి శాఖా గ్రంథాలయంలో, సెలవు దొరికినప్పుడల్లా ఫ్యాను కింది బల్ల దగ్గర కూర్చుని చదివాను. జంతువుల కన్ను ఎలా పనిచేస్తుంది, ముక్కు ఎలా పనిచేస్తుంది, మనకు వినిపించని శబ్దాలు వాటికెలా వినిపిస్తాయి, అన్నీ పొడవాటి నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నాను. పదకొండు నోటుబుక్కులు. లైబ్రరీలో చదివినవాడికి మార్కులు వేసేవాళ్లుండరు కాబట్టి వాడే వేసుకోవాలి. నేను ధారాళంగా వేసుకున్నాను.

ఆ వేసవిలో మా ఆవిడ అటక సర్దుతూ పాత పేపర్లతో పాటు నా నోటుబుక్కులు రెండు చిత్తుకాగితాలవాడికి వేసేసింది. తెలియక చేసిన పనే. చెప్పి బాధపడింది కూడా. నేను మాట్లాడటం మానేశాను.

నా కోపం అలాగే ఉంటుంది. చప్పుడుండదు. గిన్నె విసరను, చెయ్యెత్తను, మాట తూలను. మా నాన్న చింతబరికెతో కొట్టేవాడు. నేను ఇంట్లో ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు. నేను గర్వపడే విషయాల్లో అది మొదటిది, లైబ్రరీ రెండోది. మౌనం కూడా ఒక దెబ్బేనని అప్పటికి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

రోజులు గడిచాయి. పొద్దున ఆరింటికి సూపర్‌వైజర్ అడిగేవాడు, నేను "బాగుంది సార్" అనేవాణ్ణి. గొడవ లేదు కదా, మాటే లేనప్పుడు గొడవెక్కడిది అని లోపల వాదించుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌లో మూతపడిన ఒక కోచింగ్ సెంటర్ భవనం కాపలా మాకొచ్చింది. నాలుగు అంతస్తులు. బల్లలూ కుర్చీలూ నల్లబల్లలూ ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. నాకు తోడు ఒక ఆడ షెపర్డ్ కుక్క. దాన్ని మేమంతా 'పిల్ల' అనేవాళ్లం. మూడేళ్లుగా అది నా చేతి కిందే పనిచేస్తోంది. ఒకరోజు నేను, ఒకరోజు నా జోడీ హ్యాండ్లర్, అలా వంతులేసుకుని దాన్ని తిప్పేవాళ్లం. అతను చౌటుప్పల్ వైపు నుంచి వచ్చినవాడు, నోరు తెరిస్తే నవ్వించేవాడు.

మూడో అంతస్తులో మెయిన్ రోడ్డు వైపు ఒక పెద్ద తరగతి గది ఉంది. దాని కిటికీలకు ఎదురుగా మెట్రో వంతెన. రైలు వెళ్లినప్పుడల్లా లోపలి వాళ్ల మొహాలు ఒక్క క్షణం మా వైపు తిరిగి వెళ్లిపోయేవి. నల్లబల్ల మీద ఎవరో సగం చేసి వదిలేసిన లెక్క అలాగే ఉంది. ఎండ నిలువుగా ఉండే వేళ ఆ గదిలో కూర్చుని డబ్బా విప్పి అన్నం తినేవాణ్ణి. తిన్నాక ఫోను మోగేది. మా ఆవిడ.

"తిన్నవా?"

"ఊ."

అంతే. ఫోను పెట్టేసేవాణ్ణి. ఆ మాత్రం 'ఊ' అనడం కూడా నా మంచితనం అనుకునేవాణ్ణి.

మొదటి రోజు ఫోను జేబులో పెట్టి, లీష్ ఎడమ చేతిలోకి తీసుకుని లేచాను. పిల్ల లేవలేదు. తల పైకెత్తి నన్ను కాదు, నా నడుము పక్కనుంచి నా వెనక్కి చూసింది. మెడ మీది వెంట్రుకలు మెల్లగా నిక్కబొడుచుకున్నాయి. నేను వెనక్కి తిరిగాను. ఖాళీ బల్లల వరుసలు. ఎవరూ లేరు. మళ్లీ దాని వైపు తిరిగాను. అది మళ్లీ నా వెనక్కే చూస్తోంది.

రెండు రోజుల తర్వాత, నా వంతులో, అదే గదిలో, అదే వేళకు, అదే చూపు. ఈసారి గుర్రుమంది, పైకి కాదు, గొంతు అడుగున. నేను గదిలో మూడు చోట్ల నిలబడి చూశాను. ఎక్కడ నిలబడినా అది నా వెనక ఒకే చోటికి చూసేది. నడుమంత ఎత్తులో, నాకు ఒక జానెడు దూరంలో. గదిలో ఏదో ఉందని కాదు. నా వెంట ఏదో వచ్చినట్లు.

భవనం పాత వాచ్‌మన్‌ను అడిగాను. "పైన బల్లలు జరుగుతయి సార్" అన్నాడు, బీడీ వెలిగించుకుంటూ. "ఎవలు జరుపుతరో తెల్వది. నేనైతే రెండో అంతస్తు దాటి పోను."

నేను దెయ్యాలను నమ్మేవాణ్ణి కాదు. నోటుబుక్కు తీశాను. పట్టిక గీశాను. రైలు ఎన్నింటికి వెళ్లింది, ఎండ ఏ బల్ల మీద పడింది, ఎలుకల పెంటికలు ఎక్కడున్నాయి, గాలి ఏ కిటికీ నుంచి వచ్చింది, అన్నీ రాశాను. పట్టాల నుంచి మనకు వినిపించని కీచు శబ్దం వస్తోందేమోనని రైలు రాని సమయం చూసి నిలబడ్డాను. గోడకు తడి ఉందేమోనని చెయ్యి పెట్టి చూశాను. ఏదీ కుదరలేదు. అన్ని గడులూ నింపాను. ఫోను సంగతి ఒక్కటే రాయలేదు. అది రాయదగ్గ విషయంగా నాకు కనబడలేదు.

నా జోడీని అడిగాను.

"నాతోని మంచిగనే ఉంటదన్నా. గా గదిలనే పండుకుంటది, గురక గూడ పెడతది. నువ్వేమన్న కొత్త పౌడర్ గిట్ల కొడుతున్నవా?"

"హాస్యం కాదురా. నువ్వు సరిగ్గా చూస్తలేవు."

"సూసుడు గాదన్నా, సదువుడు రాదు నాకు. కుక్క పండుకుందంటే పండుకున్నదే" అని నవ్వాడు.

చదువుకోనివాడి మాట అని కొట్టేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒక్క మాటలో జవాబంతా ఉంది.

రానురాను నాకే భయం పట్టుకుంది. నా వంతు వచ్చిన రోజున ఆ గదిలో డబ్బా సగం తినకుండానే మూసేసేవాణ్ణి. మెట్లు దిగుతున్నప్పుడు వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. సాయంత్రం ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే వీపు వెనక జానెడు దూరంలో ఎవరో ఆగినట్లుండేది. అంత జనంలో ఎవరో ఒకరు ఉంటారు నిజమే. కానీ తిరిగి చూసినప్పుడల్లా వాళ్లు కాస్త దూరంగానే ఉండేవాళ్లు.

కెన్నెల్‌లో ప్రతి కుక్కకూ ఒక ప్రవర్తన పుస్తకం ఉండేది. పిల్ల పుస్తకంలో నేను ఒక పేజీన్నర రాశాను. "శునకమునకు లేనిది ఉన్నట్లు తోచు దృష్టిభ్రమ కలుగుచున్నది, ఇది మెదడుకు సంబంధించినదై ఉండవచ్చును" అన్న వాక్యం ఇంకా గుర్తుంది. రాసి మూడుసార్లు చదువుకున్నాను, అంత నచ్చింది నాకే.

సూపర్‌వైజర్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "ఈ భాష నాకెందుకయ్యా. పిచ్చెక్కిందంటావా, లేదంటావా?"

"అలాగే ఉంది సార్."

ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టాడు. మా దగ్గర కాపలా కుక్కకు మతి తప్పిందని రాతపూర్వకంగా తేలితే పశువుల డాక్టర్ వచ్చి ప్రాణం పోయే సూది వేయడమే. మనిషిని పట్టుకోవడం నేర్చిన కుక్కను ఎవరికీ పెంపకానికి ఇవ్వలేరు. నాకది తెలుసు. తెలిసే రాశాను. నిజం రాస్తున్నాననుకున్నాను.

ఆ తర్వాతి నా వంతులో అది జరిగింది. అన్నం తిన్నాను. ఫోను మోగింది.

"తిన్నవా?"

ఆ రోజు 'ఊ' కూడా అనలేదు. పెట్టేశాను. లీష్ అందుకుని నిలబడ్డాను. పిల్ల లేచింది. మొరగలేదు. నా మోకాళ్లకు రాసుకుంటూ నా వెనక్కి వెళ్లింది. తరువాత నా కుడి మణికట్టు దాని నోట్లో ఉంది.

చీల్చలేదు. పట్టుకుంది, అంతే. గట్టిగా, కదలకుండా. దాని ఊపిరి వెచ్చగా నా వేళ్ల మీద పడుతోంది. ఎదురుగా రైలు వెళ్లింది. కిటికీల్లోంచి అన్ని మొహాలూ నా వైపు చూసి వెళ్లిపోయాయి. "వదులు" అని ఎన్నిసార్లు అన్నానో తెలియదు. చివరికి నా చెయ్యి మెత్తబడ్డాక వదిలింది. వదిలి, నా మొహం వైపు చూడకుండా వెళ్లి గోడ పక్కన పడుకుంది.

మూడో రోజు మధ్యాహ్నానికి రమ్మని డాక్టర్‌కు కబురు పెట్టారు. భవనంలోనే ఆఖరిసారి చూసి తేలుద్దామన్నాడు సూపర్‌వైజర్.

కరిచిన రోజే కట్టుతో ఇంటికి వెళ్లాను. పొద్దు ఇంకా ఉంది. మా ఆవిడ గడప దగ్గర బియ్యం చెరుగుతోంది. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను. ఆమె నన్ను, నా చొక్కా మీది నెత్తురు మరకను చూసింది.

"కరిచిందా? కుడిచెయ్యేనా?"

నేను లోపలికి పోబోయి ఆగాను. చెయ్యి నా వెనక ఉంది. ఆమెకు కట్టు కనిపించే వీలు లేదు.

"కుడిదని నీకెట్ల తెల్సు?" అన్నాను. ఫోనులో అన్న 'ఊ'లు తీసేస్తే, ఇరవై మూడు రోజుల తర్వాత ఆమెతో నా మొదటి మాట అది.

ఆమె చాట పక్కన పెట్టింది. "గదే గద నువ్వు ఎనక పెట్టుకునేది. కోపమొస్తే నీ నోరు బందవుతది, గా చెయ్యి ఎనకకు పోతది. పెండ్లయినప్పటి సంది సూస్తున్న. గా చేతిల ఏమున్నదో అని ఇప్పటికీ బుగులైతది నాకు."

"నేనెన్నడన్న కొట్టిన్నా నిన్ను?"

"కొట్టలే. కొట్టలేదనే అంటున్న." ఆమె బియ్యం వైపు చూస్తూ చెప్పింది. "మీ అమ్మ చెప్పింది నాకు. మీ బాపు గట్లనే నిలవడేటోడంట, చప్పుడు జెయ్యకుంట, చెయ్యి ఎనక వెట్టుకొని. బరిగె ఉన్నదో లేదో తెల్వకపోయేదంట. నువ్వు సూసుకోవు గని, బిడ్డ గూడ నీ కుడిదిక్కు కూసోదు. నేను గూడ కూసోను. జర ఇంట్లకు పోయి సూడు."

వెళ్లి చూశాను. మేమంతా కూర్చునే చెక్కబల్ల, తక్తా మీద నేను కూర్చునే చోటు అరిగి నునుపుగా ఉంది. దాని ఎడమవైపు రెండు చోట్ల అలాగే అరిగింది. కుడివైపు చెక్క కొన్ననాటి రంగులో ఉంది. ఇన్నేళ్లలో అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఆ ఖాళీ చోటు నా పక్కన అన్నం తిన్నది, నా పక్కన టీవీ చూసింది. నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

మా నాన్న వెనక దాచిన చెయ్యి గుర్తుకొచ్చింది. కొన్ని రోజులు ఆ చేతిలో ఏమీ ఉండేది కాదు. మేము ఎక్కువ వణికింది ఆ రోజుల్లోనే.

ఇంకొకటి కూడా గుర్తుకొచ్చింది. ఇది మా పని తెలిసినవాడు ఎన్నడూ మరిచిపోకూడనిది. కాపలా కుక్కకు మేము నేర్పే ముఖ్యమైన పాఠం ఒకటుంది. ఒక మనిషి మాట్లాడకుండా నిలబడతాడు. కుడి చేతిలో కర్ర దాచుకుని వెనక పెట్టుకుంటాడు. కుక్క అతని మొహాన్ని నమ్మకూడదు, ఆ చేతిని చూడాలి. చెయ్యి బిగిస్తే పట్టుకోవాలి, చీల్చకూడదు, మెత్తబడ్డాక వదలాలి. పిల్లకు ఆ పాఠం నేర్పిందే నేను. అది మతి తప్పలేదు. చెప్పిన పాఠం తు.చ. తప్పకుండా అప్పజెప్పింది.

ఇంత తెలిశాక కూడా నేనేం చేశానో చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. మర్నాడే వెళ్లి సూపర్‌వైజర్‌తో నిజం చెప్పలేదు. చెబితే అన్ని పొద్దులు అబద్ధమాడి లీష్ పట్టినట్లు తేలుతుంది. ఉద్యోగం పోతుంది. దాని బదులు ఒక ఉపాయం ఆలోచించాను. చెయ్యి ముందు పెట్టుకుంటే సరిపోతుంది కదా. కుక్క మామూలుగా ఉంటుంది, డాక్టర్ వెళ్లిపోతాడు, ఎవరికీ ఏమీ తెలియదు.

మూడో రోజు. మూడో అంతస్తు. డాక్టర్ ముందు బల్ల మీద సంచి పెట్టుకుని కూర్చున్నాడు. నా జోడీ పిల్లను గదంతా తిప్పాడు. బల్లల మధ్య తోక ఊపుకుంటూ తిరిగింది. అతనే నాకు ఐదారడుగుల దూరంలో దాన్ని కూర్చోబెట్టాడు. నేను కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని నిలబడ్డాను.

సూపర్‌వైజర్ లీష్ నా చేతికి ఇవ్వబోతూ ఆగాడు. అలవాటు.

"ఇంట్లో ఎలా ఉందయ్యా?"

"బాగుంది సార్" అన్నాను.

పిల్ల లేచి నిలబడింది. మెడ మీద వెంట్రుకలు లేచాయి. దాని చూపు నా నడుము పక్కనుంచి వెనక్కి పోయింది. నేను కిందికి చూసుకున్నాను. పొట్ట మీద చెయ్యి లేదు. ఎప్పుడు వెళ్లిందో తెలియదు. నా చెయ్యి నా వెనక, నాకు చెప్పకుండా వెళ్లి, పిడికిలి బిగించుకుని ఉంది. ఆ క్షణం కలిగిన భయం వాచ్‌మన్ చెప్పిన బల్లలు నా కళ్ల ముందు జరిగినా కలిగేది కాదు.

"చూశారుగా" అన్నాడు డాక్టర్. "చాలండీ. పాపం, ఇక దాన్ని ఇబ్బంది పెట్టొద్దు." సంచి జిప్పు తీశాడు.

ఆ జిప్పు చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

"బాగాలేదు సార్" అన్నాను. "ఇంట్లో బాగాలేదు. ఇరవై మూడు రోజులు మా ఆవిడతో మాట్లాడలేదు. మీకు రోజూ అబద్ధం చెప్పాను. పుస్తకంలో రాసింది తప్పు. దానికేం భ్రమ లేదు. నా చేతిని చూస్తోంది."

పిల్ల గుర్రుమంటూనే ఉంది. నిజం చెప్పగానే అది తోక ఊపుతుందని మీరనుకుంటే, నేనూ అనుకున్నాను. ఊపలేదు.

"చెయ్యి ముందుకు తియ్యి" అన్నాడు సూపర్‌వైజర్.

తీయడానికి ఎంతసేపు పట్టిందో. వేరేవాళ్ల చెయ్యి పట్టి లాగుతున్నట్లుంది. తీసి, అరచెయ్యి తెరిచి, దాని ముందు చాపాను. పిల్ల ఆ ఖాళీ అరచేతిని చాలాసేపు చూసింది. వెంట్రుకలు ఒక్కొక్కటే దిగినట్లు దిగాయి. తర్వాత కూర్చుంది. నా దగ్గరికి రాలేదు.

డాక్టర్ సంచి మూశాడు. "కుక్కకేం లేదండీ. మనుషులకు నేను సూది వెయ్యను" అన్నాడు. నా జోడీ నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

తేలేలోపు నేనే చెప్పుకున్నందుకు కావచ్చు, నా ఉద్యోగం పోలేదు. సూపర్‌వైజర్ నా పేజీన్నర మీద అడ్డంగా గీత కొట్టించి, కింద "తప్పు హ్యాండ్లర్‌ది" అని నాచేతనే రాయించాడు. నేను రాసినవాటిలో అంత చిన్న వాక్యం మరొకటి లేదు. పిల్ల నా జోడీ చేతికి పోయింది. నాకు చీపురు వచ్చింది. ఎన్నాళ్లని అడిగితే, "అది చెప్పేదాకా" అన్నాడు, పిల్ల ఉన్న గూటి వైపు గడ్డంతో చూపించి.

వానలు పడి ఆగేదాకా ఊడ్చాను. పని అయ్యాక దాని గూటి ముందు కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద తెరిచి పెట్టేవాణ్ణి. అది తిన్నంతసేపు తిని, నా పక్కనుంచి నా వెనక్కి చూసి, పడుకునేది. ఒకరోజు, కారణమేమీ లేకుండా, తల తిప్పి నా మొహంలోకి చూసింది. మూడేళ్లు కలిసి పనిచేశాం కానీ అది నన్ను నేరుగా చూసిన గుర్తు నాకు లేదు. నేను కూడా చూడనిచ్చానా అన్నది వేరే మాట. సూపర్‌వైజర్ ఆ సంగతి విని నాకు ఇంకో కుక్కను ఇచ్చాడు. పిల్లను మాత్రం ఇవ్వలేదు. అది నా జోడీ దగ్గరే చాలా ఏళ్లు మంచిగా పనిచేసింది. ఆ గదిలోనే గురకపెట్టి నిద్రపోయేదట.

మీరు కుక్కను తెచ్చుకోండి, పెంచండి, నేనెందుకు వద్దంటాను. అది మీ మొహం కాకుండా ఇంకెక్కడికో చూస్తుంటే మాత్రం, గది వెతకడానికి ముందు ఇంట్లో వాళ్లను అడగండి. వాళ్లకు ఎప్పటినుంచో తెలిసి ఉంటుంది.

నాకు నయమైపోయిందని చెప్పను. ఇప్పటికీ కోపమొస్తే నా నోరు మూసుకుపోతుంది. మా ఆవిడ మాత్రం ఇప్పుడు భయపడి ఊరుకోదు. వంటింట్లోంచే, నన్ను చూడకుండానే అడుగుతుంది.

"ఇగో, చేతులేడ ఉన్నయి?"

నేను రెండు చేతులూ ముందుకు తెచ్చి చూపిస్తాను. ఎడమ చెయ్యి వెంటనే వస్తుంది. రెండోది రావడానికి ఒక్కోసారి కాస్త సమయం పడుతుంది.